నలభై ఒకటో లెన్సు

"ముందు నా ఫొటో తియ్యండి. లెన్సు సంగతి తర్వాత," అంది మిచియో, వంటగుడ్డ విప్పి పక్కన పడేస్తూ.

కురాతా చూపు చేతిలోని లెన్సు మీదే ఉంది. కెమెరా కంపెనీవాళ్ల సొంత లెన్సు కాదది. యుద్ధం తర్వాత ఏదో చిన్న కార్ఖానా రెండొందలు చేసి చేతులెత్తేసింది. పదేళ్లుగా దానికోసం టోక్యో దుకాణాలన్నీ గాలించాడు. తీరా అది, చనిపోయిన స్నేహితుడి, అంటే మిచియో భర్త బీరువాలో మరో నలభై లెన్సుల మధ్య కనిపించింది.

దాన్ని తన పాత కెమెరాకు బిగించి కన్ను ఆనించాడు.

"నవ్వండి, మిచియో గారూ."

"మీ మొహం చూస్తే అదే వస్తుందిలెండి."

ఐదు ఫొటోలు తీశాడు. "ఆహా, ఏం లెన్సండీ! మీ చెంపల మీద వెలుగు వెన్నలా ఉంది."

"మూత తియ్యకుండానేనా?"

కురాతా తిప్పి చూసుకున్నాడు. నల్లమూత బిగుసుకునే ఉంది. ఆ కెమెరాలో చూసే కిటికీ వేరు, తీసే కన్ను వేరు. పైగా దుమ్ము భయంతో అతనికి మూత తీసే అలవాటే పోయింది.

మిచియో పకపకా నవ్వింది. "మా ఆయనా అంతే. పెళ్లయిన కొత్తలో అతామీ తీసుకెళ్లి, మూడు రోజులు ఫొటోలంటూ నన్ను సముద్రం ఒడ్డున ఎండబెట్టాడు. ఫిల్ము కడిగిస్తే ఒక్క బొమ్మా లేదు. లెన్సు మంచిది కాదన్నాడు, ఇంకోటి కొన్నాడు. అలా కొంటూనే పోయాడు."

"మూత సంగతి మీరు చెప్పలేదా?"

"అలిగి మానేస్తాడని ఊరుకున్నా. ఫొటోలు ఎలాగూ మానేశాడు."

కురాతాకు ఇంట్లోని తన అరవై లెన్సులూ గుర్తొచ్చాయి. వాటితో తీసిన ఫొటో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"లెన్సు పట్టుకెళ్లండి," అంది మిచియో. "మూత మాత్రం ఇలా ఇవ్వండి."

దాన్ని భర్త పటం ముందు, అన్నం గిన్నె పక్కన పెట్టింది.

"ఇదిగో, ఇప్పటికైనా చూసుకో."