కంచె మీది పిట్ట

ఉదయం ఆరున్నరకు తల్లి పెదవులు కదిలాయి. పక్షవాతం వచ్చాక అదే మొదటిసారి.

మాట కాదు, ఈల.

కిటికీ అవతల, కంచె వైపు నుంచి ఒక ఈల వినిపించింది. మంచం మీది తల్లి పెదవులు సున్నాలా చుట్టి గాలి వదిలింది. అటునుంచి మళ్లీ ఈల.

కూతురు ఊచలు పట్టుకుని చూసింది. కంచె మీద పిడికెడు గోధుమరంగు పిట్ట తోక ఎగరేస్తోంది.

తల్లికి మంచం, కూతురికి ఆ గది. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చినప్పటి నుంచి ఆమె గేటు దాటలేదు.

శుక్రవారం మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చింది. నాకంటే ఆ పిట్టే నయం, దాన్ని వదులుకోవద్దు, ఈల వచ్చిన నోటికి మాట కూడా రావచ్చు అంది.

కూతురు కంచె కింద గింజలు చల్లింది. ఈలను ఫోన్‌లో రికార్డు చేసింది.

కానీ కంచె అవతల ఒక పెద్దమనిషి రోజూ నిలబడి ఈ కిటికీనే చూస్తున్నాడు. పిట్ట బెదిరిపోతుందని ఆమె భయం. మంగళవారం వెళ్లి నిలదీసింది.

"ఎవరండీ మీరు? ఏం కావాలి?"

అతను నోరు తెరిచాడు. మూశాడు.

"అడుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడతారేం? మంచాన పడ్డ మనిషున్న ఇల్లిది. ఇంకోసారి కనిపిస్తే నలుగురినీ పిలుస్తాను."

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు.

బుధవారం పిట్ట వచ్చింది. గింజలు తింది, కిచకిచమంది. ఈల వేయలేదు.

తల్లి పెదవులు చుట్టి చాలాసేపు ఎదురుచూసింది.

గురువారమూ అంతే. కూతురు ఫోన్‌లో గోధుమరంగు పిట్టల కూతలన్నీ వెతికి వినిపించింది. ఏదీ ఆ ఈలతో కలవలేదు. తను చేసిన రికార్డే పెట్టింది. తల్లి బదులిచ్చింది కానీ ఫోన్‌లోని ఈల ఆమె బదులు కోసం ఆగలేదు. తల్లి గోడవైపు మొహం తిప్పుకుంది.

మర్నాడు డాక్టరమ్మకు ఆ రికార్డు వినిపించి, ఇదేం పిట్టో చెబితే ఇంకోటి తెచ్చుకుంటానంది కూతురు.

డాక్టరమ్మ మళ్లీ పెట్టించుకుని వింది.

"పిట్ట కాదమ్మా. మా క్లినిక్‌కి వచ్చే పెద్దాయన ఈల ఇది. మీ వీధిలోనే ఉంటారు. కంచె దగ్గర కనిపించలేదూ?"

"ఆయనా? ఎవరని అడిగితే పలకలేదే."

"ఎలా పలుకుతారు? ఆయనకూ మీ అమ్మగారిలాగే మాట పడిపోయింది. ఈల ఒక్కటే మిగిలింది. మంగళవారం నుంచి అదీ మానేశారు."