గుండ్రాయి

కత్తెర చేతిలో ఉండగానే పడిపోయాను.

పడటం కూడా మర్యాదగా పడలేదు. పక్క బల్ల మీది పళ్ళెం, అందులోని సూదులూ దారాలూ అన్నీ వెంటేసుకుని మరీ పడ్డాను. ఎదురుగా పని సగంలో ఉంది. నా పక్కన నిలబడి పనిచేసే ఆవిడ గట్టిది కాబట్టి, నన్ను కాలితో ఓ పక్కకు జరిపి, మిగిలిన కుట్లు తానే వేసేసింది. నిమిషంలో కళ్ళు తెరిచి, "ఎక్కడిదాకా వచ్చాం?" అని అడిగాను.

"మీరు నేలదాకా వచ్చారు మాస్టారూ" అంది.

నాది కత్తిరించి కుట్టే పని. ఆకుపచ్చ గుడ్డ పరిచి నేను కత్తెర అందుకుంటే ఆ గదిలో ఎవరూ గట్టిగా దగ్గరు కూడా. బయట బల్లల మీద జనం గంటలకొద్దీ కూర్చుని తలుపు వంకే చూస్తుంటారు. అన్న తేదీకి నా పని కాక పెళ్ళిళ్ళు వాయిదా పడ్డ సందర్భాలున్నాయి. లావుగా ఉన్నవాళ్ళను "ఒళ్ళు తగ్గించుకుని రండి, అప్పుడు చూద్దాం" అని మొహం మీదే అనేసి పంపేస్తాను. అంత పొగరు. వెనకాల నన్ను దారపుండ అంటారట. ఆ పేరుకు లోలోపల మురిసిపోతుంటాను కూడా.

అసలు గొడవంతా మా ఆవిడ తెలుగు వల్ల వచ్చింది. తను నవలలు తెగ చదువుతుంది. ఆరోజు నా చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేసి, కళ్ళు తిరిగి పడిపోయారంటే సరిపోయేదానికి, "మీ స్నేహితుడు మూర్ఛపోయారన్నయ్యగారూ" అంది. వాడు మెదడు డాక్టరు. వాడికి అందులో మొదటి సగమే వినబడింది.

"మూర్ఛా! కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయా?"

"కొట్టుకున్నాయట."

"అయితే అదేనమ్మా."

తలకు వైర్లు తగిలించి గీతలు తీశాడు. అందులో ఒక గీత కాస్త వంకరగా ఉందన్నాడు. ఒక్కటేనా అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. వాడు మాత్రలు రాసిచ్చి, కళ్ళజోడు తీసి, "ఒరేయ్, ఇక కత్తెర ముట్టుకోకు" అన్నాడు.

ఆ మాటకు నిజంగానే ఏడుపొచ్చింది. కత్తెర లేకపోతే నేనెవర్ని? ఇంట్లో బల్బు మార్చడం కూడా రాదు నాకు.

మాత్రలు మింగాను. పగలంతా నిద్ర. ఎవరైనా పలకరిస్తే జవాబుగా ఒక ఆవులింత. చేతులకు బద్ధకం పట్టింది. ఊడిన బొత్తం కుట్టుకుందామని కూర్చుని, చొక్కాను దిండు గలీబుతో కలిపి కుట్టేశాను. "ఇన్నేళ్ళ అనుభవం!" అని మా ఆవిడ దండం పెట్టింది.

అయినా పడటం మానలేదు. మెట్ల మీద పడ్డాను. గడ్డం గీసుకుంటూ సగం నురగతో అద్దం ముందు పడ్డాను. పడినప్పుడల్లా మాత్ర పెరిగింది, నేను తరిగాను.

"ఒక్కసారి గుండె చూపించుకోండి" అంది మా ఆవిడ.

"గుండె సంగతి నాకా చెప్తావు! నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"మొన్న అద్దం ముందు పడ్డప్పుడు మీ ఛాతీ మీద చెవి పెట్టాను. ఏమీ వినబడలేదు. నా గుండె ఆగినంత పనైంది!"

"ఆగినంత పనైంది నీ గుండె. చూపించుకోవాల్సింది నువ్వే."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఈసారి లేవకపోతే నేనేం చేయను?" అంటూ వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆ పూట నాకు భోజనం సయించలేదు.

మర్నాడు తనే నా చెయ్యి పట్టుకుని గుండె డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. డాక్టరమ్మ చిన్నపిల్ల. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మిమ్మల్ని నేను చూడటమేమిటండీ! మీ చేతి కుట్టు చూసి పెరిగినదాన్ని."

"పెరిగింది చాల్లే, ముందు చూడమ్మా" అంది మా ఆవిడ.

నా ఛాతీ మీద అగ్గిపెట్టెంత మిషన్ ఒకటి అంటించి ఇంటికి పంపింది. నా అదృష్టం బాగుండి, అది ఒంటి మీద ఉండగానే శుభ్రంగా ఇంకోసారి పడ్డాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం పరిచింది. గీత ఎగుడుదిగుడుగా వెళ్ళి వెళ్ళి, ఒకచోట చదునుగా చాలా దూరం నడిచింది.

"ఇక్కడ చూడండి. మెదడుకు రక్తం అందక పడిపోతున్నారు. కాళ్ళూ చేతులూ కొట్టుకునేది అందుకే. ఇది మూర్ఛరోగం కాదు. అదైతే అంత త్వరగా తేరుకుని, పని ఎక్కడిదాకా వచ్చిందని అడగలేరు."

"అంటే, గుండె ఆగినంత పనైందా?" అన్నాను, మా ఆవిడ వైపు చూడకుండా.

"ఆగినంత పని కాదండీ. ఆగింది."

చర్మం కింద ఒక చిన్న మిషన్ పెడితే అది గుండెను ఆగనివ్వదట. ఆ తర్వాత మళ్ళీ కత్తెర పట్టుకోవచ్చట. మా ఆవిడ బోరుమంది. నేనూ ఏడ్చాను గానీ, పరువు కోసం తుమ్మినట్టు నటించాను.

"కుట్లు మాత్రం నేను చెప్పినట్టు వేయాలి" అన్నాను.

"ఆ ఒక్క పూటా మీరు మాట్లాడకూడదండీ" అంది డాక్టరమ్మ.

ఆ రోజు రానే వచ్చింది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మీద గుడ్డ పరిచి, కళ్ళు మూసుకోమన్నారు.

మూసుకోలేదు. పైనున్న ఆ పెద్ద దీపాన్ని కింద నుంచి చూడటం నాకు అదే మొదలు మరి. ఇన్నేళ్ళుగా నేను జనం గుండెలు తెరిచి కుడుతున్నది దాని వెలుగులోనే.