ఏ సెక్షన్ సార్?

“లేవండమ్మా! చెప్పడం ఇదే ఆఖరిసారి!” మైకులో ఇన్‌స్పెక్టర్ గొంతు గరగరలాడింది.

పోలీసు పెద్దాఫీసు గేటు ముందు రోడ్డుకి అడ్డంగా కూర్చున్న ఆడవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ముందు వరసలో ఉన్న టైలరమ్మ చేతిలోని అట్టను ఇంకాస్త పైకెత్తింది. ‘వారానికొక సెలవు. రోజుకి ఎనిమిది గంటలే డ్యూటీ.’ ఆ అక్షరాలు ఆమె స్వయంగా రాసినవే.

ఇన్‌స్పెక్టర్ మైకు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

“అత్యవసర సర్వీసులో సమ్మె చేయకూడదని చట్టం ఉంది, తెలుసా? విచారణ కూడా లేకుండా డిస్మిస్ చేయొచ్చు. జైల్లో పెట్టొచ్చు. ఇక పెన్షన్ మాటే మర్చిపోవాలి.”

“ఎవర్ని డిస్మిస్ చేస్తారు సార్? నా కుట్టుమిషన్నా?”

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆమె వెనక లాఠీ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులు మాత్రం నవ్వలేదు. అతని కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎండకు తూలుతున్నాడు.

“ముందు ఆయనకి కాసిని మంచినీళ్లిప్పించండి సార్. నిలబడే నిద్రపోతున్నారు,” అంది టైలరమ్మ.

“నీ సంగతి చూసుకో! మొగుళ్లు ఇంట్లో దాక్కుని పెళ్లాల్ని రోడ్డెక్కించారా?”

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. నిన్న భర్త ఎంతగా బతిమాలాడో గుర్తొచ్చింది. “నువ్వు వెళ్లకే. చివరికది నా మెడకే చుట్టుకుంటుంది,” అన్నాడు. అయినా వచ్చింది.

“వాళ్లు దాక్కోలేదు సార్, మీరే వాళ్ల నోరు కట్టేశారు. సంఘం పెట్టుకుంటే నేరం, సమ్మె చేస్తే నేరం. పెళ్లాం రోడ్డు మీద కూర్చున్నా నేరమేనా? ఏ సెక్షన్ సార్?”

“అదీ… అదీ…” అంటూ ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు. టైలరమ్మ వెన్ను నిటారుగా నిలిచింది. బట్టల కొలతలు తీయడానికి తప్ప ఏ ఆఫీసరు ముందూ నిలబడి ఎరగని మనిషి ఆమె. ఈరోజు ఒక ఆఫీసరు తన ముందు మాటలు వెతుక్కుంటున్నాడు!

“సెక్షన్ సంగతి నీకెందుకు? నీ మొగుడెవరో చెప్పు. సాయంత్రానికల్లా ఆర్డరు వాడి చేతిలో పెడతాను.”

ఆమె తల దించలేదు. కావాలంటే తను జైలుకెళ్తుంది గానీ ఆ పేరు తన నోట రాదు.

“చెప్పవా? ఎవడే నీ మొగుడు?”

“నేనే సార్,” అన్నాడు వెనకున్న కానిస్టేబులు.