సీటు బోల్టు

బోల్టు పోయిన రోజు ఆదివారం.

కొనేవాళ్లు పదింటికి వస్తామన్నారు. రత్నాకర్ సార్ తెల్లారగానే పిల్లల డర్ట్ బైకును రేకుల షెడ్డులోంచి వాకిట్లోకి తెచ్చి తుడవడం మొదలుపెట్టాడు. గుడ్డ తగిలిందో లేదో, సీటుకు ఒక పక్కనున్న బోల్టు ఊడి ఎటో దొర్లిపోయింది. నిర్మల వంటింట్లోంచి వచ్చి, మోకాళ్ల మీద వంగి గచ్చంతా తడిమింది.

"పోతే పోయింది, లే" అన్నాడు.

"పోయిందనకు. ఇంకా దొరకలేదను."

ఆయన మాట దిద్దుకున్నాడు.

ఆదిబట్ల దగ్గరి ఎకరం అమ్మిన ఏడు కొన్న బండి అది. అప్పుడు కొడుకు అమర్ ఒకటో తరగతి. ఇబ్రహీంపట్నం చుట్టూ వెంచర్లు పడుతున్న కాలం. ఇళ్లు రాని ఎర్రమట్టి రోడ్ల మీద, హద్దురాళ్ల మధ్య వాడు రయ్యిన తిరిగేవాడు. మరుసటి ఏడు వెల్డింగు కిష్టా సీటు కింద ఆరు బెజ్జాల పట్టీ వేసిచ్చాడు. ఏటా జూన్‌లో, తను పాఠాలు చెప్పే బడిలో పిల్లల ఎత్తులు కొలిచిన సాయంత్రం, రత్నాకర్ ఇంటికొచ్చి దర్వాజకు పెన్సిలుతో ఒక గీత గీసేవాడు. సీటును ఒక బెజ్జం పైకి జరిపేవాడు. నిర్మల పానా అందించేది.

ఈ జూన్‌లో గీత గీశాడు. జరపడానికి పైన బెజ్జం లేదు.

"అమ్మెయ్" అంది నిర్మల. "వచ్చేసరికి కాళ్లు నేలకు ఈడుస్తయ్. గేర్ల బండి తెచ్చి పెట్టు వానికి."

"అది తెస్త. దీన్ని గూడ ఉంచుదం."

"దీని మీద ఎట్ల కూసుంటడు? పన్నెండేండ్లోడు."

ఆయన అమ్మకానికని ఫోన్లో ఫొటో పెట్టాడు.

పదింటికి కోహెడ నుంచి ముత్యాలు, మనవరాలు పూజితను వెంటబెట్టుకుని వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"టైర్లు కొత్తగనే ఉన్నయ్ గద సార్. మీవోడు నడపలేదా ఏంది?"

"మూడు నెలలు నడిపిండు."

"గంతేనా? మోజు తీరిందా?"

రత్నాకర్ పట్టీని మళ్లీ తుడిచాడు. "కుదరలేదు."

"జర పిలువు సార్. స్టార్ట్ చేసి సూపిస్తడు."

"ఇంట్ల లేడు."

"అవ్‌లే, ఆదివారం నాడు పోరగాండ్లు ఇంట్ల దొరుకుతరా" అని ముత్యాలు నవ్వాడు. చాయ్ తెచ్చిన నిర్మల కూడా కొంచెం నవ్వింది.

పూజిత ఎక్కి కూర్చుంది. కాళ్లు గాల్లో ఊగాయి.

"కిందికి దించాలె సార్. అడుక్కు."

రత్నాకర్ ఉన్న ఒక్క బోల్టు విప్పి, సీటును ఆరో బెజ్జం నుంచి మొదటిదానికి దించి బిగించాడు. ఐదేళ్లు అరనిమిషంలో దిగిపోయాయి. పూజిత మళ్లీ ఎక్కింది. ఈసారి కాళ్లు నేలకు సరిగ్గా ఆనాయి. ఆయన ఆ కాళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకో పక్క తీగ కడుత. ఫికర్ చెయ్యకు" అన్నాడు ముత్యాలు. అంతలో దర్వాజ వైపు చూశాడు. "గీ గీతలు మీవోనివేనా? మస్తు పెరిగిండు."

"ఈ ఏడు రెండంగుళాలు."

"గట్లయితే నిన్ను దాటేస్తడు సార్."

ట్రాలీ ఆటోలో బండి వెళ్లిపోయింది. వాకిట్లో దాని చోటు తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

సాయంత్రం వెలుగు తగ్గుతున్నా నిర్మల గచ్చు మీద వంగి బోల్టు వెతుకుతూనే ఉంది. రత్నాకర్ వచ్చి పక్కనే కూర్చుని తనూ వెతకసాగాడు.

దర్వాజ మీది పై గీత బడిలో ఏడో తరగతి మగపిల్లల ఎత్తులన్నీ కూడి భాగిస్తే వచ్చిన సగటు. ఆరేళ్ల కింద అంగట్లో అమ్మ చెయ్యి విడిచి తప్పిపోయిన అమర్ ఇంకా దొరకలేదు.