మూడు ఎర్ర చుక్కలు

స్టెల్లా తెచ్చిన రొయ్యల కూరను అనూష ఆ మధ్యాహ్నం ముట్టుకోలేదు. పాపం, కూర తప్పేం లేదు.

కొత్తగూడలోని వాళ్ళ ఆఫీసులో అండమాన్‌లోని ఓ దీవి మీది రిసార్టుకి యాప్ తయారవుతోంది. అతిథులు గాలం వేసుకోవడానికి మంచి చోట్లు చూపించాలి. ఆ దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలన్నీ ఏసురత్నానికి కంఠస్థం. అరవై ఏళ్ళుగా అక్కడ పడవ నడుపుతున్న మనిషి. స్టెల్లాకు సొంత తాత.

యాప్ కోసం తీసిన వీడియోలో ఆయన మాటలు అనూష కూడా విన్నది.

"చర్చి శిలువ కొండ కొమ్ముకి తగిలినట్టు కనపడితే, అమ్మా, నీ కింద దిబ్బ ఉన్నట్టే. అమాసకి అక్కడ చేప గుడ్లెడతాది. అలాటి దిబ్బలు మూడే మిగిలినాయి. అక్కడ మాత్రం పట్టకండి. పడితే మా దీవికింక చేపుండదు."

మేనేజరు యజ్ఞనారాయణ చిటికె వేశాడు. "పట్టొద్దన్నాడంటే అక్కడే కుప్పలుగా ఉన్నట్టు! ఆ మూడూ పెట్టెయ్యండి. ముసలాయన ఫోటో వేసి 'పెద్దల మాట' అందాం. చివర్లో నీళ్ళవైపు వేలు చూపిస్తూ రిసార్టును తిట్టిన ముక్క మాత్రం కోసెయ్యండి."

శిలువనూ కొండనూ కలిపి మ్యాపులో చోటు పట్టుకోవడం ఆ దీవిలో పుట్టిన స్టెల్లాకే చేతనవును. ఆమె కాదంటే పని అక్కడితో ఆగేది. ఆమె కాదనలేదు. పావుగంటలో మూడు ఎర్ర చుక్కలు పెట్టేసి, తాపీగా లంచ్ బాక్సు తెరిచింది.

"సొంత తాతనే అమ్ముకుంటివి కదనే! జర సిగ్గనిపిస్తలేదా?"

"తాత వేలు పెట్టి చూపించిన చోట్లే పెట్టానే. కూర వేసుకో, చల్లారిపోతుంది."

"థూ! నువ్వే తిను."

ఆ వారమంతా అనూష వేరే బల్ల దగ్గర తిన్నది. స్టెల్లా లిఫ్టు ఎక్కితే తను మెట్లు దిగింది. ఐదంతస్తులు. మోకాళ్ళు నొప్పెట్టాయి గానీ అసహ్యం తగ్గలేదు.

సోమవారం రిసార్టు యజమాని ఫోను చేశాడు. యాప్ చూపిన చోట్లకి తొలి పడవలో తన అత్తవారినే ఎక్కించుకుని వెళ్ళాడట. మెచ్చుకోలు అందరూ వినాలని యజ్ఞనారాయణ స్పీకరు పెట్టాడు.

"మా అత్తారందరి చేతా ముక్కు మూయించావు కదయ్యా, నీ మూడు చుక్కలూ మా రిసార్టు మురుగు గొట్టాలు సముద్రంలో పడే చోట్లే!"