ఎవరూ లేని ఊరు

ఆఫ్రికాలోని గినీలో ఒకప్పుడు తమ దేశం చేసిన యుద్ధం న్యాయమా, అన్యాయమా అని పోర్చుగల్ కాఫీ కొట్ల దగ్గర ఇప్పటికీ కీచులాడుకుంటారు. ఓతీలియా ఆ గొడవలోకి దిగదు. చరిత్ర కోసం అప్పటి సైనికుల మాటలు రికార్డు చేసుకుని పోతుంది. ఆ రాత్రి ఊరి చివర, ఒంటరిగా ఉండే మాజీ సైనికుడు, ముసలాయన బెల్మీరు వంటింట్లో కూర్చుంది.

"ఊరు తగలబెట్టాం. అందులో ఎవరూ లేరు. అప్పటికే అడవిలోకి పారిపోయారు," అన్నాడాయన. అంతకుముందు ఆయన దళంలో వాళ్ళంతా ఆమెకు పొల్లుపోకుండా అదే చెప్పారు.

సరిగ్గా వచ్చిందో లేదోనని ఆమె రికార్డు వినిపించింది. ఆయన గొంతు వెనక దబ్, దబ్ మని చప్పుడు. ఎవరో రోట్లో వడ్లు దంచుతున్నట్టుంది.

"ఇంట్లో ఇంకెవరున్నారండీ?"

బెల్మీరు సారా గ్లాసు కింద పెట్టాడు. "నీకూ వినబడిందా అమ్మాయ్? నాకొక్కడికే అనుకున్నా." మెల్లిగా అన్నాడు. "ఆ చప్పుడు పట్టుకునే చీకట్లో ఆ ఊరికి దారి కనుక్కున్నాం."

"మరి ఎవరూ లేరన్నారు?"

ఆమె మళ్ళీ రికార్డు మీట నొక్కింది. "జరిగింది చెప్పండి. ఎవరు దంచుతున్నారు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆదివారం మా దళం వాళ్ళ భోజనాలున్నాయమ్మాయ్. ఏటా అందరం కలిసి తింటాం. నిజం చెబితే వాళ్ళ మొహం ఎట్లా చూడను? ఎవరూ లేరు. రికార్డులో అదే ఉంచు."

దబ్ మంది. ఈసారి రికార్డులో కాదు, వంటింటి తలుపు వెనకే.