అక్క గదిలో ఫ్యాను

"ఆ తెర దాటి ఒక్క అడుగు వేశావంటే చూడు!" అంటూ మెలెనా కొడుక్కి అడ్డంగా నిలబడింది.

మానాసే స్క్రూడ్రైవరు పట్టుకుని అక్క గది గుమ్మం ముందే ఆగిపోయాడు. "కంప్యూటరు లోపలుంది, మోత లోపలుంది. నన్ను వరండాలో కూర్చుని మంత్రం వెయ్యమంటావా అమ్మా?"

"ఏదో ఒకటి వెయ్యి. ఎదిగిన తమ్ముడు అక్క గదిలోకి వెళ్లడం ఈ వవావు దీవిలో ఎక్కడైనా విన్నావా? మీ నాన్న పోయేదాకా వాళ్లక్క గది గోడలు ఏ రంగో ఎరగడు."

తెర వెనక నుంచి లోసానా గొంతు వినిపించింది. "అమ్మా, తమ్ముణ్ణి వరండాలో కూర్చోమను. పెట్టె నువ్వు పట్టుకెళ్లు."

"వరండాలో కూర్చోమంటోందిరా అక్క."

"వినపడిందిలే."

"వినపడినా నేను చెప్పాలి" అంటూ మెలెనా లోపలికి వెళ్లి, కంప్యూటరు పెట్టెను చంటిపిల్లని ఎత్తుకున్నట్టు మోసుకొచ్చి కొడుకు ముందు దించింది.

మానాసే అక్కడే తీగ తగిలించి మీట నొక్కాడు. పిండిమర మొదలైనట్టు గర్రుమంది. ఆ మోత కొన్నాళ్లుగా వాడి బుర్ర తినేస్తూనే ఉంది. అయినా ఇవాళ వాడి గుబులు ఫ్యాను గురించి కాదు. సాయంత్రం, తను మనసుపడ్డ పేసీ వాళ్ల నాన్నకి అవుననో కాదనో మాట చెప్పి రావాలి. పెళ్లంటే మగపిల్లాడి ఇంటి ఆడవాళ్లు మేలైన చాపలు అల్లి పెట్టాలి. అమ్మ వేళ్లు కీళ్లనొప్పులతో కొంకర్లు పోయాయి. ఇక మిగిలింది అక్క. ఆ ఇంట్లో అక్క కాదంటే ఏ శుభకార్యమూ జరగదు. అలాగని తమ్ముడు అక్క దగ్గర పెళ్లి ఊసు ఎత్తకూడదు. అమ్మ చేత అడిగిస్తే "చూద్దాం" అని ఒక్క ముక్క వచ్చింది. ఆ తర్వాత మాటా లేదు పలుకూ లేదు. పొద్దస్తమానం ఆ తెర వెనక, ఈ కంప్యూటరు ముందే.

మీట ఆపి మరలు విప్పి పక్క రేకు తీశాడు. దుమ్ము ఉంటుందనుకున్నాడు. దుమ్ముతో పాటు ఫ్యాను ఇరుసు చుట్టూ తెల్లటి పీచు బిగుసుకుని ఉంది. లాగితే మూరెడు వచ్చింది.

"అమ్మా, ఇది చాపలల్లే మొగలాకు పీచు కదూ?"

మెలెనా మొహం అటు తిప్పుకుంది. "నాకేం తెలుసురా? ఎలకలు లాక్కొచ్చి ఉంటాయి."

"ఇంత సన్నగా చీల్చాయా? మన ఎలకలకి మంచి పనితనం ఉందే!"

తెర వెనక ఎవరో నవ్వాపుకున్నట్టు చిన్న దగ్గు వినిపించింది.

మానాసేకి మాత్రం నవ్వు రాలేదు. అయితే అక్క అల్లుతోందన్నమాట. ఊళ్లో ఆడవాళ్లందరూ చర్చి హాల్లో చేరి, పాడుకుంటూ, ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటూ అల్లుతారు. గదిలో తెర వేసుకుని ఒక్కతే అల్లుతోందంటే అది పరాయి దేశాల్లో ఉన్నవాళ్లకి అమ్మడానికే. ఎవరి పెళ్లికో అల్లడానికి తీరిక ఉంది, నా పెళ్లికి లేదు. వాడి మనసు చివుక్కుమంది.

పీచంతా ఏరేశాడు. రెక్కలు తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి రేకు బిగించాడు. మళ్లీ మీట నొక్కాడు. ఫ్యాను తిరుగుతోందో లేదో చెయ్యి అడ్డం పెట్టి చూసుకోవలసి వచ్చింది.

"తీసుకెళ్లు" అని తల్లితో అన్నాడు. తర్వాత తెర దాకా వినపడేలా గొంతు పెంచాడు. "అక్కతో చెప్పమ్మా. నా కోసం వేళ్లు నొప్పి పుట్టేలా అల్లుతూ కూర్చోవద్దను. నాకు కోపమేమీ లేదు. పేసీ వాళ్లకి ఈ సంబంధం కుదరదని చెప్పేసి వస్తాను."

మెలెనా వంగి పెట్టె తీగ చుట్టసాగింది. తెర వెనక నుంచి లోసానా గొంతు బొంగురుగా వచ్చింది. "అమ్మా, తమ్ముణ్ణి ఖాళీ కడుపుతో పంపకు. కొబ్బరిపాలల్లో చేప ఉడికించాను. తిని వెళ్లమను."

"తిని వెళ్లమంటోందిరా."

"ఆకలి లేదని చెప్పు."

పెట్టె గదిలోకి వెళ్లింది. మానాసే కాళ్లూ చేతులూ కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. నడుముకి చాప చుట్టుకోకుండా పెద్దల ముందుకి వెళ్లడం అక్కడ మర్యాద కాదు కనుక తండ్రి నాటి చాపను నడుముకి చుట్టుకుని తాడు బిగించాడు. ముడి రెండుసార్లు జారిపోయింది. పేసీ కళ్లలోకి చూసి కాదనడం ఎలాగో వాడికి తెలియడం లేదు. కళ్లు తుడుచుకుని మెట్లు దిగాడు.

అంతలో ఇంట్లోంచి ఎవరో గట్టిగా మాట్లాడడం వినిపించింది. ఆక్లాండ్‌లో ఉండే మేనత్త గొంతు అది. ఫ్యాను మోతలో ఏమీ వినపడక లోసానా కంప్యూటరు గొంతు పూర్తిగా పెంచి ఉంచింది, తగ్గించడం మరిచిపోయినట్టుంది. మానాసే మెట్టు మీదే నిలబడిపోయాడు.

"హమ్మయ్య, ఆ దిక్కుమాలిన మోత పోయిందే లోసానా, ఇక నేను చెప్పే అల్లిక నీకు సరిగ్గా వినపడుతుంది! ఆ ఆఖరి చాప అంచు కూడా కానిచ్చెయ్, పేసీ వాళ్లింట్లో ఒక్కళ్లు వంక పెడితే నన్నడుగు. అన్నట్టు, ఇవన్నీ తన పెళ్లికేనని మన మానాసే చెవిన పడనివ్వలేదు కదా?"